పట్టుకొమ్మలు

దండాలు తీయడానికి నేల చాలు. బస్కీలకూ అంతే. తోసేవాళ్లకు భూమి ఎప్పుడూ ఎదురు నిలుస్తుంది. ఎంత అదిమితే అంత తిరిగి నెడుతుంది. హాస్టల్లో రెండు మంచాల మధ్య సందులోనైనా, జైలు గదిలోనైనా మనిషి దండాలు తీసి ఛాతీ పెంచుకోవచ్చు. లాగడం అలా కుదరదు. నేలను అదమగలం గానీ పట్టుకుని లాగలేం. లాగాలంటే చేతికి దొరికేది ఒకటి కావాలి. అది తలకన్నా ఎత్తులో ఉండాలి, పిడికిట్లో ఇమడాలి, ఒంటి బరువంతా దానిమీద వేసినా కదలకూడదు.

పుల్-అప్స్ నేర్చుకోవాలనుకునే ఎవరికైనా మొదటి అడ్డంకి ఇదే. చేతుల్లో బలం తర్వాతి మాట. ముందు, మనల్ని మోసేది మన చుట్టూ ఏముంది?

విజయనగరంలో మేముండే ఫ్లాటు మూడో అంతస్తు. పుల్-అప్ తీయాలన్న కోరిక నాకు నలభై దాటాక పుట్టింది. ఆ కోరికతో ఇల్లంతా కలియజూస్తే వేలాడడానికి పనికొచ్చేది ఒక్కటీ కనబడలేదు. కర్టెన్ రాడ్డును గోడకు పట్టి ఉంచేవి రెండు చిన్న మరలు. ఫ్యాను కొక్కెం స్లాబులోంచే వచ్చింది గానీ అది ఫ్యాను బరువుకు వేసినది, ఊగే మనిషికి కాదు. ద్వారబంధాలు గోడలో ఇమిడిపోయాయి, వేళ్ల కొసలకు కూడా అంచు దొరకదు. అమెరికా ఇళ్లలో గుమ్మం చుట్టూ చెక్క పట్టీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. గుమ్మానికి తగిలించే బార్లు ఆ పట్టీ మీదే ఆనుకుంటాయి. మన గుమ్మాలకు అది ఉండదు. రెండు పక్క చెక్కల నడుమ మర తిప్పి బిగించే బార్లు మన బజార్లోనూ దొరుకుతాయి. పాత టేకు బంధమైతే ఓర్చుకుంటుంది, లేకపోతే బారుతో పాటు మనిషీ కిందికొస్తాడు. జిమ్‌కు వెళ్లొచ్చు కదా అంటారు. నెల నెలా ఫీజు కట్టగలిగి, వేళ కుదిరేవాళ్లకు అది మంచి దారే. పల్లెల్లో ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. అద్దె గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలకూ, ఇల్లు వదిలి గంటసేపు బయటికి రాలేని ఆడవాళ్లకూ లేదు. నేను మాట్లాడేది వాళ్ల గురించి.

ఒక పుల్-అప్‌కు ఎంత శక్తి కావాలో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అరవై కిలోల మనిషి తనను తాను అర మీటరు పైకి లాక్కుంటే జరిగే పని సుమారు 300 జౌళ్లు. ఒక్క బియ్యపు గింజలో దాగిన శక్తి కూడా అటూ ఇటూగా అంతే. తిన్నదాంట్లో నాలుగో వంతు మాత్రమే కండరం పనిగా మారుస్తుంది కాబట్టి నాలుగు గింజలు వేసుకుందాం. అదే మనిషి ఒక అంతస్తు మెట్లెక్కితే ఆరు పుల్-అప్‌లకు సరిపడా పని చేసినట్టు. పాల ప్యాకెట్టు పట్టుకుని, ఫోన్లో మాట్లాడుతూ ఎక్కేస్తాం. అంటే కొరత శక్తిలో లేదు. కాళ్లు మనకు ఏడాది నిండినప్పటి నుంచీ ఒంటి బరువును మోస్తూ వచ్చాయి. చేతులకు ఆ అవసరమే రాలేదు. అలవాటు లేని పనిని అవి ఒక్కసారిగా, మొత్తం బరువుతో, మూడు సెకన్లలో చేయాలి. కష్టమంతా అక్కడుంది.

అవసరం రాలేదన్నది నా తరం మాట. రెండు తరాల వెనక్కి వెళ్తే మన బతుకంతా లాగుడే. మా నాన్నమ్మ తెల్లవారకముందే గిలక బావి దగ్గర నిలబడి ఇంటిల్లిపాదికీ, పశువులకూ నీళ్లు చేదేది. చేంతాడు గిలక మీదుగా జారుతుంది. చేతులు తలపైకి చాచి తాడు అందుకోవడం, నడుము దాకా లాగడం, ఒక చేత్తో బిగబట్టి రెండో చెయ్యి మళ్లీ పైకి పంపడం. జిమ్‌లో లాట్ పుల్‌డౌన్ అని ఒక యంత్రం ఉంటుంది. పైన గిలక, ఒక కొసన బరువు, రెండో కొసన మనిషి. దానిమీద చేసే పని మా నాన్నమ్మ చేసిన పనే.

ఆ గిలకలో ఉన్న సూత్రం చాలా అందమైనది, అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతాను. ఒంటి గిలక బరువును తగ్గించదు, లాగే దిక్కును మాత్రమే మారుస్తుంది. పది లీటర్ల చేదకు పది కిలోల బలం పెట్టి తీరాలి. పైకి లాగడం కన్నా కిందికి లాగడం సుఖం ఎందుకంటే, కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు మనకు తోడవుతుంది. ఆ తోడుకు ఒక హద్దుంది. చేద మనకన్నా బరువైతే, తాడు ఎంత లాగినా చేద రాదు. మన కాళ్లే నేల వదిలి లేస్తాయి. పుల్-అప్ మొదలయ్యేది సరిగ్గా ఆ హద్దు దగ్గర. అవతలి కొస కదలనంటుంది, కాబట్టి ఇవతలి కొసన ఉన్న మనిషి కదలాలి. బావి దగ్గర పదేసి కిలోలు లాగే మనిషికీ, పైపుకు వేలాడి తన్ను తాను లాక్కునే మనిషికీ మధ్య తేడా బరువులోనే. కండరాలు అవే, దారి ఒకటే. కాబట్టి ఒంటి బరువుతో మొదలుపెట్టలేనివాళ్లు చేద బరువుతో మొదలుపెట్టవచ్చు. పుల్-అప్ సాధన మొత్తం ఈ ఒక్క ఊహ మీద నడుస్తుంది.

నాన్నమ్మ ఒక్కర్తే కాదు. కళింగపట్నం, భీమిలి తీరాల్లో అలివి వలను ఒడ్డుకు చేర్చే జాలర్లు గంటల తరబడి తాడు లాగేవారు, ఇప్పటికీ లాగుతున్నారు. గీత కార్మికుడు మోకు సాయంతో తాటిచెట్టు మీదికి తన బరువును తనే చేరవేసుకుంటాడు. ఏతం దగ్గర గడను కిందికి దించేవాడిది కూడా లాగే పనే. రెక్కాడితే గాని డొక్కాడని బతుకులు. ఆ కష్టం తిరిగి రావాలని నేను కోరుకోను. బోరు, మోటారు వచ్చి నాన్నమ్మ చేతులకు విశ్రాంతి ఇచ్చిన రోజు మా ఇంట్లో పండగే. అయితే కష్టం పోతూ పోతూ చేతుల బలాన్ని కూడా వెంట తీసుకుపోయింది. కష్టం లేకుండా బలాన్ని మాత్రం వెనక్కి తెచ్చుకోవడం మన తరానికి సాధ్యం, ఎందుకంటే ఎంత లాగాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకునే వెసులుబాటు మనకుంది.

వేలాడే చోట్లు కూడా పోయాయి. పాత పెంకుటిళ్లలో దూలాలుండేవి. వసారాలో ఉయ్యాల బల్లకు ఇనుప కొక్కేలుండేవి. పిల్లలు వాటికి వేలాడుతుంటే పెద్దవాళ్లు కేకలేసేవారే గానీ దూలం విరుగుతుందని ఎవరూ భయపడలేదు. బయట చెట్లుండేవి. కోతికొమ్మచ్చి ఆడిన పిల్లలకు ఏ కొమ్మ మోస్తుందో, ఏది మోయదో చేతులకే తెలిసేది. చింతకొమ్మను నమ్మొచ్చు. జామకొమ్మ వంగుతుంది గానీ తొందరగా విరగదు. మునగ, నేరేడు నమ్మరానివి, చూడడానికి లావుగా ఉండి ఫట్టుమంటాయి. ఏ చెట్టుదైనా ఎండుకొమ్మ పనికిరాదు. కొసన ఆకు పచ్చగా ఉండాలి, మొదలు దగ్గర మణికట్టు కన్నా లావుండాలి, వేలాడే చోటు కాండానికి దగ్గరగా ఉండాలి. చెట్టు దొరికే అదృష్టమున్నవాళ్లకు ఇప్పటికీ అంతకన్నా మంచి సాధనం లేదు. కొమ్మ గుండ్రంగా, నున్నగా ఉండదు కాబట్టి పిడికిలికి పని ఎక్కువ, పట్టు త్వరగా గట్టిపడుతుంది.

రాజాం దగ్గర మా పుట్టినూళ్లో మా మేనల్లుడు, వాడి స్నేహితులు అలా ఒక చింతచెట్టు కిందే మొదలుపెట్టారు. వాళ్లందరిదీ ఒకటే కల, సైన్యం. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇది కొత్త కాదు. ప్రతి ఊళ్లో ఒకరిద్దరు జవాన్లుంటారు, సెలవుల్లో వచ్చినప్పుడు వాళ్ల చుట్టూ పిల్లలు మూగుతారు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఊరికి మిలిటరీ మాధవరం అన్న పేరే స్థిరపడింది. సైనిక ర్యాలీలో దేహదారుఢ్య పరీక్షకు మొత్తం 100 మార్కులు. 1.6 కిలోమీటర్ల పరుగు అయిదున్నర నిమిషాల్లోపు పూర్తి చేస్తే 60. మిగిలిన 40 పుల్-అప్స్‌వే. కుర్రాళ్లు దాన్ని బీమ్ అంటారు. పది తీస్తే 40 మార్కులు, తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకు 21, ఆరుకు 16. ఆరు రాకపోతే ఇంటికి. పదికీ ఆరుకూ తేడా నాలుగే అయినా మార్కులు సగం కన్నా తక్కువకు పడిపోతాయి. తొమ్మిది అడుగుల గుంత దూకడం, వంకరటింకర బల్ల మీద నడవడం ఉంటాయి గానీ వాటిలో నెగ్గితే చాలు, మార్కులు లేవు.

పరుగుకు ఊరి రోడ్డు ఉంది, చెరువు గట్టు ఉంది. పరుగులో మా కుర్రాళ్లు ఎవరికీ తీసిపోరు. బీమ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. దేశం ఆ పిల్లల్ని పది పుల్-అప్‌లు అడుగుతోంది. ఆ పది నేర్చుకోవడానికి వాళ్లు చదివిన బడి మైదానంలో ఒక ఇనుప పైపు ఉండదు. పట్టణాల పార్కుల్లో రంగురంగుల వ్యాయామ యంత్రాలు పెడుతున్నారు, సంతోషం. వాటిలో చాలావరకు కాళ్లు ఊపేవి, నడుము తిప్పేవి. కూర్చుని లాగే యంత్రం ఒకటి ఉన్నా, అది మనిషి ఒంటి బరువులో కొంతే ఎత్తిస్తుంది. రెండు స్తంభాలు, మధ్యలో ఒక గొట్టం, అంతకన్నా చవకైన వ్యాయామ సాధనం లోకంలో లేదు. దాన్ని బడి బడికీ వేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ బాధను ఇక్కడ దాచుకోను.

పాత తాలింఖానాలు ఈ విషయంలో మనకన్నా తెలివైనవి. ఊరి వడ్రంగి చేసిన గదలు, రాతిపని వాళ్లు చెక్కిచ్చిన సంగిడి రాళ్లు, తవ్వి గుల్ల చేసిన మట్టి, పైనుంచి వేలాడే తాడు. సామాను బయటి నుంచి రావాలని ఎవరూ ఎదురుచూడలేదు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఆ వాతావరణంలోంచి వచ్చినవాడే. విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, తర్వాత సర్కస్ పెట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. మన సంప్రదాయ వ్యాయామంలో దండాలు, బస్కీలు ఎక్కువ, అంటే తోసేవి ఎక్కువ. అయినా లాగే బలం లోటు కాలేదు. మట్టి తవ్వడం, తాడెక్కడం, కుస్తీలో ఎదుటివాణ్ణి లాక్కోవడం ఆ లోటు తీర్చేవి. మల్లఖంబమైతే మొత్తం పట్టు మీదే నడిచే విద్య; పన్నెండో శతాబ్దంలో చాళుక్య రాజు సోమేశ్వరుడి పేర వెలువడిన మానసోల్లాసంలోనే దాని ప్రస్తావన ఉంది.

ఇక సాధన సంగతి. నేను పుల్-అప్ నేర్చుకుంటానంటే నవ్వని మొదటి మనిషి మా మేనల్లుడే.

"అత్తా, పైకెళ్లాలని సూడకు. ముందు కిందకి దిగడం నేర్సుకో" అన్నాడు.

వాడికి ఆ మాట ఊళ్లో సెలవుకొచ్చిన జవాను చెప్పాడట. శరీరధర్మ శాస్త్రం చెప్పేదీ అదే. కండరం ముడుచుకుంటూ ఎత్తగలిగే బరువు కన్నా, సాగుతూ నెమ్మదిగా దించగలిగే బరువు ఎక్కువ, అయిదో వంతు నుంచి కొన్నిసార్లు మూడో వంతు దాకా. లారీ మీదికి బస్తా ఎక్కించలేని మనిషి కూడా అదే బస్తాను భుజం మీది నుంచి మెల్లగా జార్చి నేలకు చేర్చగలడు. కాబట్టి ఒక్క పుల్-అప్ కూడా రానివాళ్లు స్టూలెక్కో, గట్టెక్కో గడ్డాన్ని బారు పైకి చేర్చుకుని, కాళ్లు వదిలేసి, వీలైనంత నెమ్మదిగా దిగాలి. దిగేటప్పుడు చేతులు మోసేది మొత్తం బరువునే. ఎక్కడానికి కావలసిన కండరాలు, నరాలు అన్నీ ఆ దిగడంలో పనిచేస్తాయి. మొదట ధబ్బున పడిపోతాం. తర్వాత కిందికి దిగే దారి మధ్యలో ఎక్కడో ఒకచోట శరీరం నిలబడుతుంది. ఆ నిలబడే చోటు రోజురోజుకీ కిందికి జరుగుతుంది.

మొదటి కొన్ని వారాల్లో చేతులు లావెక్కవు, బలం మాత్రం పెరుగుతుంది. దీనికి కారణం నరాలు. కండరంలో ఉన్న పోగులన్నిటినీ ఒకేసారి పిలవడం శరీరానికి మొదట చేతకాదు. కొన్నిటిని పిలిచి మిగతావాటిని నిద్రపోనిస్తుంది. సాధన చేసేకొద్దీ పిలుపు ఎక్కువ పోగులకు అందుతుంది. అందుకే ఎప్పుడో ఒకసారి ఒళ్లు హూనమయ్యేలా చేయడం కన్నా, అలసిపోకముందే ఆపేస్తూ తరచూ చేయడం మేలు. కండ పెరగడం తర్వాత వస్తుంది. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు అన్నిటికన్నా ఆలస్యం, వాటికి రక్తం అందేది తక్కువ. మోచేయి లోపలి వైపు సన్నగా నొప్పి మొదలైతే అది స్నాయువు మాట, విని తీరాలి. ఇంకొక హెచ్చరిక కూడా చెప్పాలి. కిందికి దిగే సాధన కండరాన్ని గట్టిగా దెబ్బతీస్తుంది. మొదటి రోజే ఉత్సాహపడి అతిగా చేస్తే చేతులు నాలుగు రోజులు చాపలేం. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బతిన్న కండరంలోంచి వెలువడే పదార్థం మూత్రపిండాలకు ప్రమాదం.

నాకు బారు దొరికింది మేడ మీద, నీళ్ల ట్యాంకుకు వేసిన ఇనుప నిచ్చెన రూపంలో. నిలువుగా గోడలోకి దిగేసిన నిచ్చెన. ముందు అతుకుల దగ్గర తుప్పు ఉందేమో చూశాను, గోడలో సిమెంటు పట్టు వదిలిందేమో చూశాను, కింది మెట్ల నుంచి ఒక్కొక్కటీ పట్టుకుని లాగి చూశాను. పై మెట్టు పట్టుకుని, మోకాళ్లు మడిచి వేలాడాలి. మోకాళ్లు గోడకు తగులుతాయి, గుడ్డ చుట్టుకుంటే సరి. ఈ నిచ్చెనలో మంచి సుగుణం ఒకటుంది. కాలి బొటనవేలు కింది మెట్టు మీద ఆన్చి, కావలసినంత బరువు మాత్రమే కాలికి ఇవ్వొచ్చు. ఈ రోజు కాలు సగం మోస్తుంది, రేపు కొంచెం తక్కువ. నాన్నమ్మ చేదలో నీళ్ల మట్టం పెంచుకుంటూ పోయినట్టే ఇది. ఊళ్లో కుర్రాళ్లు ఇదే పనికి సైకిల్ ట్యూబు వాడతారు. ట్యూబును పైపుకు ముడేసి, కింది వంకీలో కాలు పెట్టి వేలాడితే, సాగిన రబ్బరు కింద ఎక్కువగా, పైన తక్కువగా సాయం చేస్తుంది. పాత ట్యూబైతే పగుళ్లు చూసుకోవాలి.

మేడ మీదికి వెళ్లలేని వానాకాలంలో దుప్పటి ఉంది. గట్టి చేనేత దుప్పటి కొసన పెద్ద ముడి వేసి, ఆ ముడిని తలుపు పైనుంచి అవతలికి వదిలి తలుపు మూసేయాలి. మనం లాగుతున్నకొద్దీ తలుపు ఇంకా బిగుసుకునే వైపే నిలబడాలి, రెండో వైపు నిలబడితే తలుపు మీదికొస్తుంది. గడియ కూడా వేసుకోవాలి. దుప్పటి రెండు అంచులూ పట్టుకుని, మడమలు తలుపు దగ్గర ఆన్చి, వీపు వెనక్కి వాల్చి, ఛాతీని తలుపు వైపు లాక్కోవాలి. ఎంత వాలితే అంత బరువు. బలమైన భోజనాల బల్ల ఉన్నవాళ్లు దాని కింద వెల్లకిలా పడుకుని అంచు పట్టుకుని లాక్కోవచ్చు. మడమలు నేల మీద ఉన్నా, సగానికి పైగా బరువు చేతుల మీదే పడుతుంది. అదీ లేకపోతే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్. ఒక చెయ్యి మంచం మీద ఆన్చి, నడుము వంచి, రెండో చేత్తో క్యాన్‌ను పక్కటెముకల దాకా లాగడం. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు, తూకం వేయక్కర్లేదు, బరువెక్కువనిపిస్తే కొంచెం వంపేస్తే చాలు.

ఇవన్నీ సాయం చేస్తాయి. వేలాడడానికి మాత్రం ప్రత్యామ్నాయం లేదు. చేతులు పూర్తిగా చాచి ఊరికే వేలాడడం చూసేవాళ్లకు సాధనలా కనిపించదు గానీ, పుల్-అప్‌లో సగం అక్కడే తేలిపోతుంది. వేళ్ల పట్టు, ముంజేతి కండరాలు, చర్మం, అన్నీ అక్కడ గట్టిపడాలి. బారును అరచేతి మధ్యలో కాక వేళ్ల మొదళ్ల దగ్గర పట్టుకుంటే చర్మం మడతపడదు, కాయలు చిట్లవు. పట్టు కుదిరాక, మోచేతులు వంచకుండా భుజాల వెనక ఎముకల్ని మాత్రం కిందికి దించాలి. మెడ పొడవవుతుంది, ఛాతీ కొంచెం ముందుకొస్తుంది, శరీరం అంగుళమో రెండంగుళాలో లేస్తుంది. పుల్-అప్ చేతుల పని అనుకునేవాళ్లకు ఆ రెండంగుళాలు కళ్లు తెరిపిస్తాయి. అసలు బలమంతా చంకల కింద నుంచి నడుము దాకా పరుచుకున్న వీపు కండరానిది. జిమ్ కుర్రాళ్లు దాన్ని వింగ్స్ అంటారు. చేతులు దాన్ని బారుతో కలిపే కొక్కేలు.

అరచేతులు మనవైపు తిప్పి పట్టుకుంటే ముంజేతిని మడిచే కండరం పూర్తి బలంతో సాయానికొస్తుంది, అందుకే కొత్తవాళ్లకు ఆ పట్టు తేలిక. నాకు మొదటిది ఆ పట్టుతోనే వచ్చింది, నిచ్చెన పై మెట్టు మీద, ఒక చలికాలపు పొద్దున. కాలు ఎప్పటిలా కింది మెట్టు మీద పెట్టబోయాను, అవసరం పడలేదు. గడ్డం మెట్టు దాటింది. కిందికి దిగి మళ్లీ ప్రయత్నిస్తే రాలేదు. ఒకటికీ సున్నాకూ మధ్య ఉన్న దూరం, ఒకటికీ పదికీ మధ్య దూరం కన్నా ఎక్కువని అప్పుడు గట్టిగా నమ్మాను.

తిండి గురించి కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు, డబ్బాల్లో పొడులు కొనాలా అని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు రోజూ కావాలి, కష్టపడే శరీరానికి ఇంకొంత. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో ఇరవైకి పైనే. అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్లు పెంచమంటాను.

ఆడవాళ్ల గురించి వేరుగా చెప్పాలి. 2013లో అమెరికా మెరైన్ దళం మహిళలకు కనీసం మూడు పుల్-అప్‌లు తప్పనిసరి చేయబోయింది. శిక్షణ ముగిసే సమయానికి పరీక్షిస్తే 55 శాతం మంది మూడు తీయలేకపోయారు. 2014 నుంచి అమలు కావలసిన నిబంధనను వాయిదా వేశారు. ఆ వార్త చదివినవాళ్లు చాలామంది, ఆడవాళ్లకు ఇది సాధ్యం కాదని తేల్చేశారు. నేను అదే వార్తలో మిగతా 45 శాతాన్ని చూస్తాను. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ దళంలో మహిళలకు పెట్టిన పరీక్ష చేతులు మడిచి బారుకు వేలాడి ఉండడం. పరీక్ష ఏది అడిగితే శిక్షణ అదే ఇస్తుంది. మన సైన్యంలో మహిళా మిలిటరీ పోలీసు ఎంపికలో పరుగు, లాంగ్ జంప్, హై జంప్ ఉన్నాయి, బీమ్ లేదు. నడుము పైభాగంలో ఆడవాళ్ల బలం సగటున మగవాళ్ల బలంలో సగానికి కొంచెం పైన ఉంటుందన్న మాట నిజమే, కాళ్లలో ఆ తేడా తక్కువ. అది సాధనకు ఎక్కువ కాలం పడుతుందని చెప్పే లెక్క. సాధన అక్కర్లేదని చెప్పే లెక్క కాదు. ఆడపిల్లల్ని ఎవరూ లాగమని అడగరు, చెట్టెక్కితే దిగమంటారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ చేతులకు తమ బరువు ఎంతో తెలియదు.

పోయిన ఏడాది మా పుట్టినూరి ఉన్నత పాఠశాల మైదానంలో కుర్రాళ్లే చందాలు వేసుకుని రెండు పైపులు బిగించారు. కొలతలు వాళ్లు ఒక వెల్డర్ దగ్గర కూర్చుని తేల్చుకున్నారు. స్తంభాలకు రెండంగుళాల జి.ఐ. పైపు, అది ఇరవై అడుగుల నిడివిలో వస్తుంది కాబట్టి సగానికి కోస్తే రెండు స్తంభాలు, ఒక్కొక్కటి రెండడుగులు కాంక్రీటులో పాతితే పైన ఎనిమిదడుగులు మిగులుతుంది. పట్టుకునే బారుకు అంగుళం పైపు. దాని బయటి వ్యాసం దాదాపు 34 మిల్లీమీటర్లు, పిడికిలికి సరిగ్గా సరిపోతుంది. నీలం పట్టీ ఉన్న బి క్లాసు తీసుకోవాలి, పసుపు పట్టీది పలచన. బారు మీద రంగు వేయకూడదు, చెమటకు జారుతుంది. అక్కడ నేను పట్టుబట్టినది రెండో బారు గురించి. నేలకు మూడున్నర అడుగుల ఎత్తులో ఇంకొకటి ఉండాలన్నాను. ఇంకా పుల్-అప్ రానివాళ్లు దాని కింద వెల్లకిలా వాలి లాక్కోవడానికి. కుర్రాళ్లు మొదట ఎందుకన్నారు, తర్వాత వేశారు. ఇప్పుడు ఆ కింది బారును ఎక్కువగా వాడుతున్నది ఎనిమిదో తరగతి ఆడపిల్లలని మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. వాళ్లలో ఇద్దరు పై బారుకు స్టూలు వేసుకుని దిగడం మొదలుపెట్టారట.

ఆ కొలతలే ఒక కాగితం మీద రాసి మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి ఇచ్చాను, మేడ మీద ట్యాంకు పక్కన వేయించమని. పిట్టగోడ దగ్గరయితే పిల్లలకు ప్రమాదమన్నారు, నిజమే, నేను అడిగిన చోటు మేడ నడుమ. స్లాబులో కన్నాలు పెడితే నీరు కారుతుందన్నారు. దానికీ దారి ఉంది. ట్యాంకును మోసే రెండు కాంక్రీటు స్తంభాలకు ఇనుప పట్టీలు చుట్టి బోల్టులు బిగిస్తే స్లాబును ముట్టుకోనక్కర్లేదు. వచ్చే ఆదివారం సంఘం సమావేశం ఉంది, వెల్డర్‌ను కూడా రమ్మన్నాను.